తెల్లగెడ్డ తుంపర

లక్ష్మీనరసింహం మేస్టారు చెడ్డవాడు కాదు. ముప్పై మూడేళ్ళు పిల్లలకి డ్రాయింగు చెప్పాడు. ఎవరినీ బెత్తంతో కొట్టలేదు. ఎవరి సొమ్ముకీ ఆశపడలేదు. బస్సులో ఆడవాళ్ళు నిలబడి ఉంటే లేచి చోటిచ్చేవాడు. ఈ మాటలన్నీ ముందే చెప్పేయడం మంచిది. తరవాత చెబుదామంటే నోరు రాదు.

పుట్టింది శ్రీకూర్మంలో. వాళ్ళది కోవెల్లో స్వామి ముందు కీర్తనలు పాడే కుటుంబం. తండ్రికి మంచి గొంతు. కొడుక్కి గొంతు రాలేదు గానీ చెయ్యి వచ్చింది. తండ్రి మంటపంలో కూర్చోబెట్టి పాఠం చెబుతుంటే వీడు గోడల మీది పాత బొమ్మలు చూసి పలక మీద దించుకునేవాడు.

"పాడరా అంటే గీస్తావేమిట్రా! నీ గీతలు స్వామికి వినపడతాయా?" అని తండ్రి నెత్తిన ఒకటి మొట్టేవాడు.

చదువు అంతంతమాత్రం. డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షలు గట్టెక్కి, భావనపాడు వైపు ఒక హైస్కూల్లో చేరాడు. అక్కడే రిటైరయ్యాడు. బడిలో డ్రాయింగు మేస్టారంటే కూరలో కరివేపాకే కదా. పదో తరగతి పరీక్షలు దగ్గరపడితే ఆయన పీరియడు లెక్కల మేస్టారు లాక్కునేవాడు. మిగతా రోజుల్లో ఆయన చేత గోడల మీద సూక్తులు రాయించేవారు, మధ్యాహ్న భోజనం పట్టిక రాయించేవారు, ఎవరైనా అధికారి వస్తున్నాడంటే స్వాగతం బోర్డుకి పూల అంచు వేయించేవారు. "మీ అక్షరాలు ముత్యాలండీ" అని మెచ్చుకునేవారు. ఆ మెప్పు ఆయనకి ముల్లులా గుచ్చుకునేది. అక్షరాలు ముత్యాల్లా ఉండవలసింది గుమస్తాకి. బొమ్మలు వేసేవాడిని పట్టుకుని ఆ మాట అంటే, నీ బొమ్మలు మేం చూడలేదని చెప్పడమే.

ఆయన బొమ్మల్ని నిజంగానే ఎవరూ చూడలేదు. ఇంట్లో మంచం కింద రేకుపెట్టెలో కట్టలు కట్టి ఉండేవి. కొండలు, ఉప్పుమళ్ళు, తాటిబోదెలు, వానకి ముందు సముద్రం. చచ్చిపోయేలోగా పదిమంది ఆగి చూసే బొమ్మ ఒక్కటి వేయాలని ఆయన కోరిక. రిటైరయ్యాక ఆ కోరిక తెల్లగెడ్డ జలపాతం మీదికి మళ్ళింది.

కొండవాగుని ఆ వైపు గెడ్డ అంటారు. పాలకొండ దాటి కొండల్లోకి పోతే ఈ తెల్లగెడ్డ నల్లరాతి గోడ మీంచి ఒక్క ఊపున కిందికి దూకుతుంది. ఆదివారం వస్తే జనం ఫోన్లు పట్టుకుని బారులు కడతారు. అందరి ఫోన్లలోనూ ఉన్నదే కదా, మళ్ళీ గీయడమెందుకని అడిగినవాళ్ళకి మేస్టారు ఒకే జవాబు చెప్పేవాడు. "ఫోను నీళ్ళని చూస్తుంది. నేను రాయిని చూస్తాను." అది ఆయన పద్ధతి. జలపాతం గీసేవాడు నీళ్ళు గీయకూడదు. చుట్టూ ఉన్న రాయిని, దాని పగుళ్ళని, నాచుని పెన్సిలుతో ఓపిగ్గా నింపుకుంటూ రావాలి. ఏమీ గీయకుండా వదిలేసిన తెల్లకాగితమే చివరికి నీళ్ళవుతుంది. పెద్ద బొమ్మ వేసే ముందు చోటుకి వెళ్ళి, కళ్ళెదుట చూస్తూ ఇలా గీసుకునే దాన్ని స్టడీ అంటారు. మూడేళ్ళలో ఆయన తెల్లగెడ్డకి పదకొండు స్టడీలు గీశాడు. ఒక్కటీ నచ్చలేదు.

ప్రతిసారీ ఆయన్ని బండి మీద తీసుకువెళ్ళేవాడు నాగబాబు. ఒకప్పటి శిష్యుడు. భావనపాడు పక్కన గుల్లవానిపేట అనే చిన్న పల్లెలో చేపలవేట కుటుంబం వాళ్ళది. బడిలో ఉన్నప్పుడు ఒక్క సరళరేఖ తిన్నగా గీసిన పాపాన పోలేదు. పదో తరగతి మధ్యలో మానేసి పడవెక్కాడు. అయినా మేస్టారంటే ప్రాణం. బడి మొత్తంలో తనని వెధవా అనని మేస్టారు ఈయనొక్కడేనని పెళ్ళాం దుర్గతో చెప్పుకునేవాడట.

పోయిన ఏడు దసరాలు వెళ్ళాక వాయుగుండం పట్టింది. పడవలన్నీ ఒడ్డెక్కాయి. సముద్రం మీదికి పోవద్దని దండోరా వేశారు. వేటలేని మనిషికి కాలు నిలవదు. నాగబాబు పొద్దున్నే మేస్టారి గుమ్మంలో బండి ఆపాడు.

"మేస్టారూ, గెడ్డ నిండుగా వస్తన్నాదంట. ఎల్దారా?"

వెళ్ళారు. కొండ మొదట్లో, ఫోను అందే చివరి చోట, నాగబాబు బండి ఆపి పెళ్ళానికి ఫోను చేశాడు. అప్పటికే మేస్టారు దారిలో ఒక మాట అని ఉన్నాడు. తన స్టడీలు ఎందుకు తేలిపోతున్నాయో ఇన్నాళ్ళకి బోధపడిందనీ, పక్కన మనిషి ఉంటే తప్ప జలపాతం ఎంత ఎత్తో చూసేవాడికి తెలియదనీ, నువ్వు కింద నిలబడరా అనీ.

"ఒసే, మేస్టారు నన్ను బొమ్మలో ఏస్తారంట! ఆ జలపాతం కింద నిలబెట్టి ఏస్తారంట! నవ్వకే, నిజమే సెప్తన్నాను" అని ఫోనులో అరిచాడు నాగబాబు. పక్కనే నిలబడి మేస్టారు కూడా నవ్వాడు.

వాన తెరిపిచ్చింది గానీ జనం పెద్దగా లేరు. మేస్టారు ఎప్పటి రాయి మీదే కూర్చుని, అట్ట మీద కాగితం బిగించి, రెండు గంటలు రాతిగోడ నింపాడు. ఆ పూట చెయ్యి మాట విన్నది. తరవాత నాగబాబు చొక్కా విప్పి, లుంగీ ఎగ్గట్టి, మడుగు అంచున బండ మీద నిలబడ్డాడు. నిలబడమంటే నిలబడ్డాడు, గంటసేపు. దోమ కుట్టినా చెయ్యి ఎత్తలేదు. కానీ నల్లరాయి ముందు నల్లటి మనిషి. కాగితం మీద రెండూ కలిసిపోతున్నాయి. వెనక తెలుపు ఉంటే గానీ మనిషి తేలడు.

"ఒరే, ఇంకొక్క అడుగు లోపలికి వెయ్యరా. ఆ తెలుపులోకి."

"నురగలోకాండీ?"

"ఏం, భయమా?"

నాగబాబు పగలబడి నవ్వాడు. "సంద్రంలో పుట్టి పెరిగినోడినండి. ఈ గెడ్డ నీళ్ళు నన్నేటి సేస్తాయి మేస్టారూ!"

మేస్టారు కూడా అదే అనుకున్నాడు. ఇక్కడే ఉంది చిక్కంతా. ఉప్పునీరు మనిషిని మోస్తుంది. ఎత్తు నుంచి పడి, గాలి నిండి, తెల్లగా మరుగుతున్న నురగనీరు మోయదు. అందులో ఈత వచ్చినవాడూ రానివాడూ ఒకటే. కొండమీది వాళ్ళకి ఇది పుట్టుకతో తెలుసు. ఆ నురగ దగ్గరికి గొడ్డునైనా పోనివ్వరు. కడలి ఒడ్డున పుట్టిన వాళ్ళిద్దరికీ అది తెలియదు. ఒకడు లోపలికి పొమ్మన్నాడు. ఇంకొకడు పోయాడు.

మడుగులోకి జారే పాకుడు బండ మీద, మోకాలి లోతులో, తెలుపు మధ్య, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు నాగబాబు. అబ్బ, ఎంత అందంగా ఉందో అనుకున్నాడు మేస్టారు. గోరంత మనిషి. ఆరేడు గీతల పని. తల ఎత్తడం, ఒక గీత గీయడం. మళ్ళీ తల ఎత్తడం. మోచేతి వంపు గీసి తల ఎత్తేసరికి అక్కడ ఎవరూ లేరు.

మునకేశాడనుకున్నాడు. "కదలొద్దన్నానా!" అని విసుక్కున్నాడు కూడా. పెన్సిలు చేత్తో పట్టుకుని, వాడు లేచి వస్తాడని ఎదురుచూశాడు. ఎంతసేపు చూశాడో ఆయన తరవాత ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు అరిచాడు. కొండవాళ్ళు నలుగురు తాళ్ళు, వెదుళ్ళు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. ఎవరో పోలీసులకి కబురు చేయడానికి బండి మీద కిందికి పోయారు. వెతుకుతున్న వాళ్ళ కేకలు రాళ్ళ మీంచి వినిపిస్తుంటే మేస్టారు తన రాయి మీద కూలబడ్డాడు. అట్ట ఒళ్ళోనే ఉంది. అందులో నాగబాబు, పొమ్మన్న చోటే, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉన్నాడు.

ఆ బొమ్మ చూసిన ఎవడైనా అడిగే మొదటి ప్రశ్న, ఇతన్ని అక్కడ నిలబెట్టింది ఎవరు అనే. కేసు, స్టేషను, పేపర్లో పేరు, శ్రీకూర్మంలో అన్నదమ్ముల ముఖాలు, అన్నీ ఒక్కసారే మేస్టారి కళ్ళ ముందు తిరిగాయి. జేబులోంచి రబ్బరు తీశాడు. అవతల మనిషి కోసం మడుగులో వెతుకుతుండగానే, ఇవతల ఈయన ఆ మనిషిని తుడిచేశాడు.

ముదురు పెన్సిలు గీత సుళువుగా పోదు. రుద్దినకొద్దీ నలుపు పలచనై, చుట్టూ పొగలా పరుచుకుంది. కాగితం మీద నూగు లేచింది. మనిషి మాత్రం పోయాడు.

పోలీసు అధికారి వచ్చాడు. చుట్టూ పడి ఉన్న ఖాళీ సీసాలు చూశాడు. ఇలాంటివి ఆయనకి కొత్త కాదు. "తాగేడా?" అని అడిగాడు. మేస్టారు అబద్ధం ఆడలేదు. తల ఊపాడంతే. ఆ తల ఊపే కాగితానికెక్కింది.

శరీరం మూడో రోజున దిగువన పొదల్లో దొరికింది. మూడు రోజులు నీళ్ళలో నానిన శరీరంలో ఏం తేలుతుంది? నీట మునిగి చనిపోయాడని రాసి ఇచ్చేశారు.

గుల్లవానిపేటలో ఒక ఆచారం ఉంది. గంగమ్మ పండగనాడు ఊరంతా ఒడ్డుకి చేరి, నీళ్ళు తీసుకుపోయిన వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలుస్తారు. పేరు పిలిచాక ఇంటివాళ్ళు దొన్నెలో దీపం పెట్టి నీటిలోకి వదులుతారు. తాతల నాటి పేర్లు కూడా పిలుస్తారు. తాగి పడి పోయినవాడి పేరు మాత్రం పిలవరు. గంగమ్మ తీసుకున్నది కాదు, వాడే పారేసుకున్నాడంటారు. పైగా సముద్రం మీద బతికినవాడు గెడ్డలో చచ్చాడంటే ఆ పల్లెలో నగుబాటు. తాగకుండా ఎవడైనా అలా చస్తాడా?

దుర్గ ఒప్పుకోలేదు. ఆ పొద్దు ఫోనులో విన్న మాట పట్టుకుని ఊరందరితోనూ తగవు పెట్టుకుంది. నీళ్ళపంపు దగ్గర, వలలు ఎండేసే చోట, ఎవరేమన్నా ఒకటే మాట. "మా బావ తాగనేదు. బొమ్మకోసం నిలబడ్డాడు." అత్తతో కూడా మాటలు పోయాయి. విసిగిపోయి ఊరిపెద్ద పోతురాజు చివరికి ఒక దారి చెప్పాడు.

"అయితే ఆ బొమ్మలో ఆడుండాలి కదే? తాగినోడు బొమ్మకి కుదురుగా నిలబడలేడు. ఆడు బొమ్మలో ఉన్నాడని నువ్వు కళ్ళారా సూసొచ్చి సెప్పు. పేరు నేనే పిలుస్తాను."

ఈ సంగతులేవీ మేస్టారికి తెలియవు. తెలుసుకోలేదు. దినానికి కూడా వెళ్ళలేదు, జ్వరమని కబురు పంపాడు. స్టడీని రేకుపెట్టెలో అడుగున పెట్టాడు. ఎనిమిది నెలలు దాని జోలికి పోలేదు. ఒకనాడు భార్య లక్ష్మీకామేశ్వరి పెట్టె దులుపుతూ దాన్ని బయటికి తీసి చాలాసేపు చూసింది.

"ఏమండీ, ఇది అన్నిటికంటే బాగుందండీ. కింద పొగలా ఉంది, అదేమిటి?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, మేస్టారు గబుక్కున లేచి కాగితం లాక్కున్నాడు. "తుంపర" అన్నాడు.

అన్నాక ఆయనే చూశాడు. నిజంగానే తుంపర. నీళ్ళు పడిన చోట లేచే సన్నటి తెర, ఉందా లేదా అన్నట్టు. పదకొండు స్టడీల్లో ఆయన చేతికి రానిది అదే. ఆ రాత్రి ఆయనకి నిద్ర పట్టలేదంటే పాపభయం అనుకునేరు. బొమ్మ బాగుందన్న సంతోషంతో పట్టలేదు. నెల తిరక్కుండా దాన్ని విజయనగరంలో ఒక కళాసంఘం వాళ్ళ పోటీకి పంపాడు. పెట్టెలో పడి ఉంటే పోయినవాడు తిరిగొస్తాడా అని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. మనసు లాయరు వంటిది. ఎవరి పక్షాన పెడితే వాళ్ళ పక్షానే వాదిస్తుంది.

మొదటి బహుమతి వచ్చింది.

ఒక కాలేజీ హాల్లో ప్రదర్శన పెట్టారు. స్టడీకి అద్దం, చట్రం కట్టించి గుమ్మానికి ఎదురుగా తగిలించారు. జనం వచ్చి ఆగి చూస్తున్నారు. పదిమంది కాదు, వందమంది. విశాఖ నుంచి వచ్చిన న్యాయనిర్ణేత మురళీమోహన్ మైకు పట్టుకుని, జలపాతాలు అందరూ వేస్తారనీ, ఈ తుంపర వేయగలిగిన చెయ్యి తాను ఇంతవరకు చూడలేదనీ అన్నాడు. శాలువా కప్పారు. ముప్పై మూడేళ్ళుగా ముత్యాల అక్షరాల మేస్టారుగా బతికిన మనిషికి కళ్ళు చెమర్చాయి. తరవాత కాలేజీ పిల్లలు చుట్టూ మూగారు.

"ఆ తుంపర ఎలా తెచ్చారు సార్?" అని ఒక అమ్మాయి పుస్తకం తెరిచి అడిగింది.

"ముదురు పెన్సిలుతో ముందు ఏదైనా గీయాలమ్మా. తరవాత రబ్బరుతో మెల్లగా రుద్దేయాలి."

"ఏం గీయాలి సార్?"

"ఏదైనా ఫరవాలేదు" అన్నాడు మేస్టారు.

మర్నాడు మధ్యాహ్నం దుర్గ వచ్చింది. పేపర్లో బొమ్మ పడిందని పేటలో ఎవరో ఫోనులో చూపించారట. ఆ ఫోటోలో ఏదీ సరిగ్గా ఆనలేదు. దొరికిన మొదటి బస్సు పట్టుకుని, శ్రీకాకుళంలో దిగి, ఇంకో బస్సెక్కి వచ్చింది. గంగమ్మ పండగ వారంలో పడింది. హాల్లోకి వచ్చి ఎవరినీ ఏమీ అడగలేదు. సరాసరి తెల్లగెడ్డ ముందు నిలబడింది. పైనుంచి కిందికి చూసింది. కింద నుంచి పైకి చూసింది. అద్దానికి ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్ళి ఒక్కొక్క రాయీ వెతికింది.

మేస్టారు కుర్చీలోంచి చూస్తూనే ఉన్నాడు. లేవలేదు. ఆమే వెనక్కి తిరిగి చూసి, దణ్ణం పెట్టింది.

"మేస్టారూ, బాగున్నారా అండి? నేనండి, నాగబాబు ఇంటిదాన్ని."

"ఆ... దుర్గా. బాగున్నావా అమ్మా?"

"మా బావ ఎక్కడున్నాడండి ఇందులో? నాకు కనిపించట్నేదు. సదువు నేనిదాన్ని, మీరే సూపించండి. తాగి పోయినోడని ఊర్లో ఆడి పేరు పిలవట్నేదండి, బొమ్మలో ఉన్నాడంటే గంగమ్మ పండక్కి పిలుస్తానన్నాడండి పోతురాజు బాబు."

మేస్టారు లేచి దగ్గరికి వెళ్ళాడు. దుర్గ వేలు అద్దం మీద అక్కడక్కడా తిరుగుతూ, సరిగ్గా ఆ చోటికే వచ్చి ఆగింది.

"ఇక్కడ మబ్బులాగ ఏటో ఉన్నాది. ఏటండిది?"

"తుంపరమ్మా."

"మరి మా బావ?"

చెప్పేయాలని ఉంది. ఈ మాట నిజం. ఇక్కడే ఉన్నాడమ్మా, నీ వేలి కిందే, నేనే నిలబెట్టాను, నేనే చెరిపేశాను అని గొంతు దాకా వచ్చింది. రెండు అడుగుల అవతల మురళీమోహన్ ఎవరికో ఈ బొమ్మ గురించే చెబుతున్నాడు. శాలువా ఇంకా భుజాన ఉంది. ఆ ఒక్క మాట చెబితే నాగబాబు పేరు గంగమ్మ ఒడ్డున వినిపిస్తుంది, లక్ష్మీనరసింహం పేరు ఇక్కడ చెడుతుంది. రెండిట్లో ఏది బరువో తేల్చుకోవడానికి ఆయనకి ఎంతోసేపు పట్టలేదు.

"మనిషిని గీయలేదమ్మా. ఉత్త జలపాతమే" అన్నాడు.

"మా బావని నిలబెట్టనేదాండి?"

"లేదు."

దుర్గ అద్దం మీంచి వేలు తీసేసింది. ఆమె గద్దించి ఉంటే, ఎదురు తిరిగి ఉంటే, అబద్ధాలకోరా అని నలుగురిలో దులిపేసి ఉంటే బాగుండేది. కానీ ఆయన మేస్టారు. మొగుడు దేవుడిలా చెప్పుకున్న మేస్టారు. ఆయన మాట మీద ఆమెకి అనుమానం రాలేదు. అనుమానం ఇంకో వైపు తిరిగింది.

"అయితే... ఆ పొద్దుట ఫోనులో ఆ మాట తాగీసే అన్నాడాండి?"

మేస్టారు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. "ఏమోనమ్మా" అన్నాడు.

"అంతే అయుంటాదిలెండి." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నాకు ఒట్టేసి మానీసేడండి. మూడేళ్ళయిందండి మానీసి. ఆడి మాట పట్టుకుని ఏడాది నుంచి ఊరందరితోటీ దెబ్బలాడేను. ఇంక దెబ్బలాడనండి. పోతురాజు బాబుకి నేనే సెప్పెస్తాను." రెండడుగులు వేసి మళ్ళీ ఆగింది. "మిమ్మల్ని కూడా తిట్టుకున్నానండి, ఒక్క మాట సెప్పడానికి రానేదని. తప్పు కాయండి మేస్టారూ."

వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. మేస్టారు కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.

ఆ వారం గుల్లవానిపేట ఒడ్డున పోతురాజు నలభై రెండు పేర్లు పిలిచాడు. పిలవడం అయ్యాక, ఇంకెవరివైనా ఉన్నాయా అని అడిగి, ప్రత్యేకంగా దుర్గ వైపు చూశాడు. మెత్తపడి ఉన్నాడు. ఆ పొద్దు ఆమె ఒక్క మాట అని ఉంటే పిలిచేసేవాడేమో. అత్త కూడా కోడలి వైపే చూసింది.

"ఎవలూ నేరు" అంది దుర్గ.